మడ్డి చేతులు

పోలీసుల కరెంటు తుపాకీ దెబ్బ గుండెల మీద తిని, వేసిన అడుగు వెనక్కి తియ్యకుండా నిలబడి, "ఇంతేనా నాయనా, ఇంకాస్త పెద్దది లేదా?" అని అడిగిన మగాడు మా బ్లెడ్సో ఊరు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు ఆంబ్రోస్ టిలరీ. అంటే నేనే. నమ్మకపోతే ఛాతీ మీద ఒకటీ, పొట్ట మీద ఒకటీ మచ్చలున్నాయి, చూపిస్తాను. కాకపోతే మా ఆవిడ ఒడెస్సా దగ్గర లేనప్పుడు అడగండి. ఆవిడ ఉంటే కథ సగంలోనే నవ్వేస్తుంది, లేదా ఏడ్చేస్తుంది. రెంటికీ నాకు భయమే.

అది వేరుశెనగ తవ్వకాల కాలం. జార్జియా రాష్ట్రం దక్షిణాన మా పక్క ఎర్రమన్ను, చేలల్లో మొక్కలు పెళ్ళగించి తిరగేస్తే ఊరంతా పచ్చికాయల వాసన. రోడ్డు వార రేకుల పాక కింద పెద్ద ఇనప బాన పెట్టి, ఉప్పు నీళ్ళలో పచ్చికాయలు ఉడకబెట్టి అమ్మడం నా పని. నిజం చెప్పాలంటే జనం ఆగేది కాయల కోసం కాదు, నా కోతల కోసం. మా చెరువులో ఒక ముసలి చేప ఉందనీ, గాలం వేస్తే ఎర మంచిదో కాదో చూసుకోవడానికి లోపలికెళ్ళి కళ్ళజోడు పెట్టుకొస్తుందనీ నేను చెబితే, పొట్లం చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయేవాళ్ళు.

అలా వినేవాళ్ళలో డ్వైట్ హోల్కమ్ ఒకడు. తెల్లవాళ్ళ అబ్బాయి. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ట్రక్కు వెనకాల కూర్చుని కాళ్ళూపుకుంటూ వినేవాడు. పోలీసు బట్టలు వేసుకున్నాక కూడా ఆగడం మానలేదు. తవ్వకాలు మొదలైన వారంలో ఒక పొద్దున వచ్చి కారు దిగితే, నడుముకి పసుపుపచ్చటిది ఏదో వేలాడుతోంది.

"అదేమిటి నాయనా, పిల్లలాడుకునే నీళ్ళ తుపాకీలా ఉంది?"

"స్టన్ గన్, టిలరీ గారూ. అందరికీ కొత్తగా ఇచ్చారు. నొక్కితే రెండు ముళ్ళు తీగలతో సహా వెళ్ళి గుచ్చుకుంటాయి. మనిషి కొయ్యబారి పడిపోతాడు. అంతే, చావడు. ఇక అసలు తుపాకీ తియ్యాల్సిన పనే ఉండదు."

"నీ మీద వేసి చూశారా?"

"శిక్షణలో అందరి మీదా వేశారు." హోల్కమ్ కాయ ఒలుస్తూ ఆగాడు. "ఎవరికీ చెప్పకండి. నేను అమ్మని పిలిచాను."

ఇద్దరం నవ్వుకున్నాం. పాక వెనకాల మా మనవడు క్వింటన్ గంగాళంలో పెట్రోలు పోసి కార్బొరేటర్ కడుగుతున్నాడు. వాడు మా కూతురి కొడుకు, మా దగ్గరే పెరిగాడు. చుట్టుపక్కల చేలల్లో ఏ తవ్వే యంత్రం మొరాయించినా వాడి దగ్గరికే వస్తుంది.

"మీవాడు పలకడేం?" అన్నాడు హోల్కమ్.

"వాడితో జాగ్రత్త. వాడి ఒంట్లో పారేది రక్తం కాదు, పెట్రోలు. పక్కన నిలబడి అగ్గిపుల్ల గీశావంటే నువ్వూ నీ కారూ వెళ్ళి పక్క జిల్లాలో పడతారు."

హోల్కమ్ కాయ గొంతుకి అడ్డంపడేలా నవ్వాడు. క్వింటన్ లేచి వచ్చాడు. వచ్చి, ముందు రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి, వెనక జేబులో వేలాడే గుడ్డకి బాగా తుడుచుకుని, అప్పుడు చెయ్యి చాపాడు. అది ఒడెస్సా పెంపకం. బడి వంటింట్లో జీవితమంతా పనిచేసిన మనిషి. 'మాసిన చెయ్యి ఎవరి ముందూ పెట్టకు. ముందు తుడుచుకో, తర్వాత చాపు. మన ఇంటి గురించి వాళ్ళకి తెలిసేది నీ చేతుల్ని బట్టే' అని నేలమీద పాకే రోజుల నుంచీ వాడి చెవిలో పోసింది.

ఆ పొద్దుటి నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

మా పాకలోంచి చూస్తే రైలు పట్టాలు రోడ్డుని దాటే చోటు కనబడుతుంది. అక్కడ పర్విస్ కూర్చుంటాడు. తల్లి పోయిన దగ్గర్నుంచీ వాడికి బుర్ర ఒక చోట నిలవదు. అమ్మ రైల్లో వస్తుందని రోడ్డు మధ్య కూలబడి ఎదురుచూస్తాడు. ఆ పట్టాల మీద రైలు నడవడం మానేసి చాలా కాలమైంది, అది వేరే సంగతి. ఇదివరకు ఉన్న పోలీసాయన వాడి పక్కనే చతికిలబడి, చల్లటి సోడా తాగించి, "ఇవాళ రైలు రాదటరా, రేపటికి వాయిదా వేశారు" అని చెప్పి లేవదీసేవాడు. ఒక్కోసారి మధ్యాహ్నం గడిచిపోయేది. కార్లవాళ్ళు విసుక్కునేవాళ్ళు, నా దగ్గర కాయలు కొనుక్కుని తింటూ నిలబడేవాళ్ళు. నాకదొక బేరం.

ఆ వారంలోనే ఒక రోజు వాణ్ణి లేపడానికి హోల్కమ్ వచ్చాడు. లెమ్మన్నాడు. పర్విస్ చెయ్యూపి ఏదో చెప్పాడు, రైలు గురించే అయి ఉంటుంది. హోల్కమ్ మళ్ళీ లెమ్మన్నాడు, ఈసారి గట్టిగా. పర్విస్ అతనికి వీపు పెట్టి కూర్చున్నాడు. చిన్న చప్పుడు, టపాకాయ తుస్సుమన్నట్టు. ఆ తర్వాత చిటచిటలు. పర్విస్ పక్కకి ఒరిగిపోయాడు. మడమలు తారు మీద డప్పు కొట్టినట్టు కొట్టుకున్నాయి. ఆగాయి. "లే" అని హోల్కమ్ గొంతు. లేవడానికి వాడి కాళ్ళు వాడి మాట వింటేగా? మళ్ళీ చిటచిటలు. మళ్ళీ మడమలు.

కారెక్కించేటప్పుడు పర్విస్ ఊడిపోయిన బూటు కోసం ఏడుస్తున్నాడు. వెనక్కి వస్తూ హోల్కమ్ నా పాక ముందు ఆగాడు, కారు మాత్రం దిగలేదు.

"చెప్పి చూశాను కదా టిలరీ గారూ, మీరే చూశారుగా. చెబితే వినలేదు."

  బానలో నీళ్ళు ఇగిరిపోయి కాయలు అడుగంటాయి.

ఇంటికెళ్ళి చెబితే ఒడెస్సా పొయ్యి కట్టేసి నా ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు కొట్టాడు?"

"లేవలేదని."

"లేవనిది ఇవాళ కొత్తా? ఇదివరకు వాళ్ళు తుపాకీ తీసేవాళ్ళా వాడి మీద?"

"లేదే. కూర్చుని మాట్లాడేవాళ్ళు."

"మరింకేం. తుపాకీ బదులు వచ్చిందన్నావుగా అది? కాదయ్యా. మాట బదులు వచ్చింది."

క్వింటన్ బల్ల చివర కూర్చుని స్పార్క్ ప్లగ్ ఒకటి గీకుతున్నాడు. తలెత్తకుండా అన్నాడు: "ఆ ముళ్ళ దగ్గర నిప్పురవ్వ లేస్తుంది తాతా, అచ్చం ఈ ప్లగ్గులో లాగే. నా పనిబట్టల మీద గానీ పడిందనుకో, ఆర్పడానికి నీ ఉప్పునీళ్ళ బాన చాలదు."

నన్ను అనుకరించే అన్నాడు, నవ్వించడానికి. ఎవరం నవ్వలేదు. ఒడెస్సా వాడి చొక్కా వైపు చూసింది. మోచేతుల దాకా పెట్రోలు తడి. ఆ పూట నుంచి ఆ చొక్కాకి ఇంట్లో చోటు లేదు, వసారా బయట మేకుకి వేలాడింది. వాడికి పొయ్యి దరిదాపుల్లోకి రావడానికి వీల్లేదు. పెట్రోలు మానెయ్యమంది. "కిరసనాయిలుతో ఆ మడ్డి వదలదు అమ్మమ్మా, కాయంతా చేలల్లో ఉంది, వానొస్తే రైతులు నన్ను చంపుతారు" అన్నాడు వాడు. చంపడం అన్న మాటకి ఆవిడ చేతిలో గరిటె జారింది.

మర్నాటి నుంచి మా ఇంట్లో భోజనాల తీరు మారింది. ప్రార్థన అయీ అవకముందే ఒడెస్సా గరిటెతో బల్ల మీద ఫెడీమని కొట్టేది.

"చేతులు!"

క్వింటన్ ఉలిక్కిపడి లేచేవాడు. లేచి, రెండు చేతులూ వెనక్కి, జేబులో గుడ్డ మీదికి.

"చచ్చావు" అనేది ఒడెస్సా. "నీ చేతులు పోలీసువాడికి కనబడలేదు. ఏదో తీస్తున్నావనుకున్నాడు. కూర్చో. మళ్ళీ."

"నువ్వే కదా అమ్మమ్మా తుడుచుకోమని నేర్పింది!"

"నేర్పినదాన్ని నేనే మాన్పిస్తున్నాను. ఎంత మడ్డి ఉంటే అంత మడ్డితో పైకెత్తు. చేతులు!"

మళ్ళీ వెనక్కే పోయేవి. పాపం వాడి తప్పు కాదు. చేతికి ఒకసారి అలవాటైన దారి అది. నేను మధ్యలో, "ముందు బీన్స్ చల్లారిపోతున్నాయి, వాటిని అరెస్టు చెయ్యనివ్వవే" అన్నాను ఒకసారి. ఆవిడ గరిటె నా వైపు తిప్పింది.

"అసలు నా భయం నీ నోరే. పోలీసు ముందు నువ్వేదో కూస్తావు, వీడు ఇకిలిస్తాడు. వాళ్ళకి ఇప్పుడు నవ్వులు నచ్చవు. నీకూ చెబుతున్నాను, నోరు మూసుకోవడం నేర్చుకో."

వసారాలో రోడ్డు వైపు ఉండే కుర్చీలు పెరట్లోకి పోయాయి. ఏ కారు మెల్లగా వెళ్ళినా వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయేది, కారు దాటాక మళ్ళీ మొదలయ్యేది. నేను జనాన్ని బెదిరించి నవ్వించిన పిట్టకథల్లోని దెయ్యాలన్నీ కలిసి కూడా మా ఇంటిని అంత నిశ్శబ్దంగా చెయ్యలేకపోయేవి. క్వింటన్ మాత్రం పట్టుదలగా నేర్చుకున్నాడు. తవ్వకాలు చివరికొచ్చేసరికి ఒడెస్సా గరిటె ఎత్తితే చాలు, వాడి చేతులు ఠక్కున గాల్లో ఉండేవి. నల్లటి మడ్డి వేళ్ళు, తెల్లటి బల్లగుడ్డకి పైన. ఆవిడ మొహం తిప్పుకుని, "ఊఁ, తిను" అనేది.

బల్ల దగ్గర అలవాటు వచ్చింది. రోడ్డు మీద రావాలి.

ఒక శనివారం మధ్యాహ్నం. గోదాము యజమాని తన నీళ్ళ పంపు ఇంజను బాగుచెయ్యమంటే, బండి దొరక్క క్వింటన్ దాన్ని భుజాన వేసుకుని పాకకి తెచ్చాడు. విప్పి కడుగుతుంటే గంగాళం ఒరిగి, పెట్రోలు గుండెల దగ్గర్నుంచి మోకాళ్ళ దాకా వాడి మీద పడింది. తిట్టుకుంటూ, బట్టలు విప్పి కడుక్కోవడానికి కుళాయి వైపు బయల్దేరాడు. నేను బాన కింద మంట ఎగదోస్తూ, "ఇటు రాకురోయ్, పెద్ద దీపమైపోతావు" అని అరిచాను.

అప్పుడే హోల్కమ్ కారు వచ్చింది, పైన లైటు తిరుగుతూ. నల్ల కుర్రాడొకడు గోదాము వెనకనుంచి ఇంజను ఎత్తుకుపోతున్నాడని ఎవరో ఫోన్ చేశారట. అది మాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్క కేకే.

"ఏయ్! ఆగక్కడ! ఇటు తిరుగు! చేతులు చూపించు!"

క్వింటన్ తిరిగాడు. ఎత్తరా, ఎత్తరా అని నా లోపల ఒడెస్సా గరిటె మోగుతోంది. వాడు హోల్కమ్‌ని చూశాడు. తెలిసిన మొహం, ఎన్నోసార్లు చెయ్యి కలిపిన మొహం. బల్ల దగ్గర నేర్చుకున్నదంతా ఎటుపోయిందో, రెండు చేతులూ వెనక్కి, జేబులో గుడ్డ కోసం పోయాయి.

"చేతులు!" పసుపుపచ్చటిది బయటికొచ్చింది.

"హోల్కమ్! వాడి ఒంటినిండా పెట్రోలు! కొట్టకు నాయనా, తగలబడిపోతాడు!"

"కథలు తర్వాత, టిలరీ గారూ. పక్కకి జరగండి."

నా వైపు చూడనైనా చూడలేదు. ఎలా చూస్తాడు? అబద్ధానికీ నిజానికీ దేవుడు నాకు ఒకే నోరు ఇచ్చాడు. అదే గొంతుతో, అదే పాకలో, అదే పెట్రోలు మాట ఆ అబ్బాయికి నేనే చెప్పి నవ్వించాను.

ఇక మాటలతో పని లేదని కాళ్ళకి తెలిసినట్టుంది. నేను పరిగెత్తాను. నేను పరిగెత్తడమంటే మీరు పెద్దగా ఊహించుకోవద్దు, పెంటమీది కోడికి కూడా దారి ఇచ్చేంత వేగం. అయినా వాడికీ తుపాకీకీ మధ్యకి చేరాను.

ఇప్పుడు మొదట్లో చెప్పిన గొప్ప సంగతికి వద్దాం. నిలబడ్డానన్నాను కదా? ఎక్కడ నిలబడ్డాను! తడి కాయల బస్తా ట్రక్కు మీంచి దొర్లినట్టు పడ్డాను. ఒళ్ళంతా ఒక్క పిడికిలై బిగుసుకుపోయింది. కట్టుడుపళ్ళు ఎగిరి ఇసకలో పడ్డాయి. పంట్లాం తడిసింది. ఇంకా పెద్దది లేదా అని అడగలేదు. అడిగింది మా అమ్మని. ఆవిడ పోయి నేను ముసలాణ్ణయినా, "అమ్మా" అనే అరిచాను. మీరు నవ్వొచ్చు, నేనూ నవ్వుకుంటున్నాను.

చిటచిటలు ఆగాక, బుగ్గ నేలకి ఆనించి పడుకుని, కళ్ళు తెరిచి పైకి చూశాను. క్వింటన్ నా తల దగ్గరే నిలబడి ఉన్నాడు. చేతులు ఇప్పుడు పైన ఉన్నాయి. నిటారుగా, వేళ్ళు విడదీసి, మా బల్ల దగ్గర ఎత్తినట్టే. మోచేతుల నుంచి పెట్రోలు చుక్కలు చుక్కలుగా నా పక్కన ఇసకలో పడుతోంది. "తాతా, తాతా" అంటున్నాడు, పెదాలు మాత్రమే కదుపుతూ. వంగలేదు. నన్ను ముట్టుకోలేదు. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కూడా చేతులు దించలేదు.

హోల్కమ్ ముళ్ళు పీకడానికి నా పక్కన మోకాలి మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు వాసన పట్టి ముక్కు ఎగబీల్చాడు. క్వింటన్ పంట్లాం వైపు చూశాడు, పాకలో బాన కింద మంట చూశాడు, చేతిలోది చూసుకున్నాడు. అతని పెదాలు సున్నం రాసినట్టయ్యాయి.

"మీరు నిజమే చెప్పారా?" అన్నాడు, చాలా చిన్నగా.

నా పళ్ళు ఇంకా ఇసకలోనే ఉన్నాయి.

తర్వాతి వారం టౌన్ హాల్లో విచారణ పెట్టారు. పోలీసు చీఫ్, ఊరి పెద్దలు బల్ల వెనక. అడిగినవి చిన్న ప్రశ్నలే. చేతులు చూపించమన్నారా? అన్నారు. చూపించాడా? లేదు. వెనక్కి పోనిచ్చాడా? అవును. పెద్దల్లో ఒకాయన కళ్ళజోడు దించి, "టిలరీ గారూ, మీకు ఊళ్ళో కోతలరాయుడని పేరుంది కదూ? ఆ చేప కళ్ళజోడు కథ మా పిల్లలకి కూడా వచ్చు" అన్నాడు. హాలంతా నవ్వింది. మా నల్లవాళ్ళు కూడా నవ్వారు. వాళ్ళని ఏమనను, నవ్వడం నేర్పిందే నేను.

అప్పుడు ఒడెస్సా లేచింది. వంటనూనె డబ్బా ఒకటి, బిగించి మూత పెట్టింది, చంకన పెట్టుకుని ముందుకెళ్ళి పెద్దల బల్ల మీద పెట్టింది. అందులో ఆ రోజు క్వింటన్ విప్పిన చొక్కా ఉంది. మూత తీసింది.

ముందు వరసకి మొదట తెలిసింది. తర్వాత వెనక వరసలకి. నవ్వులు దగ్గులయ్యాయి. ఎవరో కిటికీ తెరిచారు. గోదాము యజమాని నోట్లో వెలిగించకుండా పెట్టుకున్న చుట్టని తీసి జేబులో దాచేశాడు.

"చీఫ్ గారూ, మీ పసుపు తుపాకీ ఇక్కడ, ఈ బల్ల దగ్గర, ఒక్కసారి పేల్చి చూపించండి" అంది ఒడెస్సా. "ఎవరూ చావరన్నారుగా."

 హోల్కమ్ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. చీఫ్ లేచి, తనే, మెల్లగా మూత పెట్టాడు.

అయినా తీర్పు తీర్పే. బలప్రయోగం నిబంధనలకు లోబడే జరిగిందన్నారు. పట్టాల దగ్గర పర్విస్ సంగతి అసలు ఎత్తనే లేదు. ఒడెస్సా డబ్బా చంకన పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది. ఇంటి దాకా వదల్లేదు.

తొలి చలి పడ్డాక, చివరి విడత కాయలు ఉడుకుతుండగా హోల్కమ్ వచ్చాడు. పోలీసు బట్టల్లో కాదు, మామూలు చొక్కాలో. టోపీ తీసి పాక బయటే నిలబడ్డాడు. "ఆ రోజు మీ మాట వినాల్సింది" అన్నాడు. నేను పొట్లం కట్టి ఇచ్చాను. అతను పాక వెనక్కి తిరిగి క్వింటన్ వైపు చెయ్యి చాపాడు. క్వింటన్ చాలాసేపు ఆ చెయ్యి వంక చూశాడు. తర్వాత తన చేతులు వెనక్కి పోనిచ్చి, జేబులో గుడ్డకి నింపాదిగా తుడుచుకుని, అప్పుడు చాపాడు.

ఇదే, ఈ చివరిది, నేను కల్పించింది. హోల్కమ్ రాలేదు. అతని కారు నా పాక దగ్గరికొచ్చేసరికి కాస్త నెమ్మదిస్తుంది, మళ్ళీ వేగం అందుకుంటుంది, అంతే. మిగతాదంతా జరిగిందే. చేప కళ్ళజోడు తప్ప.

క్వింటన్ ఇప్పుడు చేతులు తుడుచుకోడు. జేబులో గుడ్డ పెట్టుకోవడమే మానేశాడు. రాత్రి భోజనానికి అలాగే వచ్చి కూర్చుంటాడు, మడ్డి వేళ్ళు బల్లగుడ్డ మీద అందరికీ కనబడేలా పరిచి. ఒడెస్సా వాటి వంక ఒక్కసారి చూస్తుంది. మొక్కజొన్న రొట్టె తుంచి తనే వాడి పళ్ళెంలో వేస్తుంది.